మగ్గం వర్క్ చేసేవాళ్లకు డూడుల్ పుస్తకాలు పనికొస్తాయా?

మగ్గం వర్క్ చేస్తాను, ఏ జాకెట్టు మొదలుపెట్టినా పింటరెస్ట్‌లో చూసిన డిజైనే చేతికొస్తోంది, సొంతంగా ఏమైనా తోస్తుందేమోనని డూడుల్ పుస్తకం (తోచినట్టు పిచ్చిగీతలు గీసుకునే పుస్తకం) కొంటే నాలుగు పేజీలకే ఆగిపోయింది, పైగా బొమ్మలు రావు అని రాశారు. ఆ పుస్తకం మీకు తప్పకుండా పనికొస్తుంది. కాకపోతే మొదటి పేజీ నుంచి వరసగా పూర్తి చేయాలనుకోకండి. ఎక్కడ తెరుచుకుంటే అక్కడ మొదలుపెట్టండి.

నేను చీర అంచులకు డిజైన్లు వేస్తాను. ఇలాంటి పుస్తకాల్లో నాకు బాగా అక్కరకొచ్చేది పేజీ పేజీకీ ఇచ్చే చిన్న పని. కళ్లు మూసుకుని ఒక గీత గీయండి, కాఫీ మరక చుట్టూ ఏదైనా వేయండి, ఎడమచేత్తో ఆకు గీయండి, ఇలాంటివి. అందంగా రావాలన్న పట్టింపు ఉండదు కాబట్టి చెయ్యి అలవాటైన మామిడిపిందె వైపు పోదు. అసలు లాభమంతా అక్కడే. అచ్చేసిన బొమ్మల్లో రంగులు నింపే పుస్తకాలు వేరు. అవి మనసుకు హాయినిస్తాయి గానీ, కొత్త ఆకారాల కోసం నేను వాటి జోలికి వెళ్లను.

బొమ్మలు రావన్న బెంగ పెట్టుకోకండి. రవీంద్రనాథ్ ఠాగూర్ చేతిరాత ప్రతుల ఫొటోలు ఎక్కడైనా దొరికితే చూడండి. కొట్టేసిన మాటలన్నిటినీ గీతలతో కలిపి పక్షులుగా, వింత జంతువులుగా మార్చేసేవారు. 1924లో అర్జెంటీనాలో ఉన్నప్పుడు ఆయన రాసుకున్న ‘పూరబి’ కవితల నోటుపుస్తకంలోని ఈ కొట్టివేతలు చూసే అర్జెంటీనా రచయిత్రి విక్టోరియా ఒకాంపో ముచ్చటపడ్డారు. 1930లో పారిస్‌లో ఆయన చిత్రాల ప్రదర్శనకు పూనుకున్నదీ ఆవిడే. అప్పటికి ఆయనకు డెబ్బై దగ్గర పడుతోంది, చిత్రకళ ఎవరి దగ్గరా పద్ధతిగా నేర్చుకున్నది లేదు. నాకు ఎప్పుడు పని ముందుకు సాగకపోయినా ఆ పేజీలే చూస్తాను.

మీరు ముగ్గుతో కూడా మొదలుపెట్టొచ్చు. 7 చుక్కలు, సందు చుక్క 4 వరకు పెట్టండి. తెలిసిన ముగ్గు మాత్రం వేయకండి. ఏదో ఒక చుక్క దగ్గర బయల్దేరి, పెన్ను ఎత్తకుండా, గీత ఎటు తిరిగితే అటు పోనివ్వండి. దారి తప్పిన మెలికల్లోనే నాకు మంచి తీగలు దొరికాయి. పెన్సిలూ రబ్బరూ వద్దు, బాల్ పెన్నే మంచిది. చెరపలేమని తెలిస్తే చెయ్యి ముందుకు పోతుంది.

డూడ్లింగ్‌తో ఏకాగ్రత పెరుగుతుందని చాలామంది చెప్తుంటారు. దాని వెనకున్నది 2009లో బ్రిటన్‌లో మనస్తత్వ పరిశోధకురాలు జాకీ ఆండ్రేడ్ చేసిన ప్రయోగం. విసుగు పుట్టించే ఫోన్ సందేశం వింటూ కాగితం మీది ఆకారాలు నింపినవాళ్లకు మిగతావాళ్లకన్నా 29 శాతం ఎక్కువ గుర్తుంది. అది జ్ఞాపకానికి సంబంధించిన సంగతి, సృజనకు రుజువుగా తీసుకోలేం.

ఆర్ట్ జర్నల్, అంటే నచ్చినవి గీస్తూ, అంటిస్తూ పోయే పుస్తకం, పెట్టుకోవాలనుకుంటే పాత డైరీ చాలు. పెళ్లికార్డుల ముక్కలు, జరీ పోగులు, బట్టల కత్తిరింపులు అంటించండి. పల్చటి జిగురు కాగితాన్ని ముడతలు పడేస్తుంది, గ్లూ స్టిక్ వాడండి. నీటిరంగులు వేయాలనుకుంటే మాత్రం 200 జీఎస్ఎంకు (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) తగ్గని కాగితం కావాలి.

ఇక పేజీలోంచి డిజైన్ ఎలా తీయాలంటే, ఒక అట్టముక్కలో అగ్గిపెట్టెంత కిటికీ కత్తిరించండి. నిండిన పేజీ మీద దాన్ని మెల్లగా జరుపుతూ పోండి. పేజీ మొత్తం గజిబిజిగా ఉన్నా, ఆ కిటికీలో ఎక్కడో ఒకచోట రెండు గీతలు చక్కగా కుదిరి కనిపిస్తాయి. దాన్ని ట్రేసింగ్ పేపర్ మీదికి ఎక్కించి, తిప్పి పక్కన ఒకసారి, తలకిందులుగా ఒకసారి వేసి చూడండి. నేను అంచులకు చేసేది ఇదే. మీరైతే ముందు చేతి బోర్డర్‌కు వేసి చూడండి, వీపు మీది పెద్ద డిజైన్ కన్నా అది తేలిక.