పది నిమిషాల నడకలో ఉన్న జిల్లా పరిషత్ బడి మా బిడ్డకు చాలుతుందా?

హనుమకొండ నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం సారాంశం ఇది. వారి అమ్మాయి ఒక చిన్న ప్రైవేటు బడిలో అయిదో తరగతి పూర్తి చేసింది. అక్కడ పై తరగతులు లేవు. ఇంటికి పది నిమిషాల నడకలో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఉంది. ఊరి చివర ‘ఐఐటీ ఫౌండేషన్’ చెబుతామనే పెద్ద ప్రైవేటు బడి ఏడాదికి ఫీజు 62 వేలు, బస్సుకు 14 వేలు అడుగుతోంది. తండ్రికి స్పేర్ పార్టుల దుకాణం ఉంది. ‘రెండింటినీ పోల్చి చెప్పండి, సర్కారు బడిలో వేస్తే పిల్ల వెనకబడిపోదు కదా, ఇంగ్లీషు వస్తుందా’ అని అడిగి, చివర ఒక మాట చేర్చారు: ‘మా ఆడపడుచు పిల్లలిద్దరూ ఆ పెద్ద బడిలోనే చదువుతున్నారు.’

అమ్మా, మీ అసలు ప్రశ్న ఆ చివరి మాటలోనే ఉందని నాకు అనిపించింది. ప్రతి వేసవిలోనూ పరకాల నుంచి, నర్సంపేట నుంచి, జమ్మికుంట నుంచి వచ్చే తల్లిదండ్రులు బడి సంగతి అడుగుతూ మొదలుపెట్టి, కాసేపటికే చుట్టాల సంగతి చెబుతారు. పెళ్ళిలో ఎవరైనా ‘మీ బిడ్డ ఎక్కడ చదువుతోంది’ అని అడిగితే ఏమని చెప్పాలన్నది ఒక బాధ. అప్పో సప్పో చేసి ఫీజు కట్టే వీలుండి కూడా కట్టకపోతే కన్నబిడ్డకు అన్యాయం చేసినవాళ్ళమవుతామేమోనన్నది అంతకన్నా పెద్ద బాధ. ఆ రెండో బాధకు ముందుగా జవాబు చెబుతాను. పాఠాలు సరిగా జరిగే సర్కారు బడిలో చేర్పించడం బిడ్డకు అన్యాయం చేయడం కాదు, ఆ అపరాధ భావాన్ని మీరు ఈ రోజే వదిలేయవచ్చు.

ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలకు కావలసినవి కొద్ది సంగతులే, కానీ అవి గట్టిగా రావాలి. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఒక పేజీని ఎవరి సాయమూ లేకుండా చదివి అర్థం చేసుకోవడం, భిన్నాలు, దశాంశాలు, నిష్పత్తులు తడబడకుండా చేయడం, తెలియనిదాన్ని భయం లేకుండా అడగడం రావాలి. వీటితోపాటు కంటినిండా నిద్ర, సాయంత్రం కాసేపు ఆట ఉండాలి. పదకొండు, పన్నెండేళ్ళ ఆడపిల్లకు శరీరం మారే కాలం కూడా ఇదే కనుక, ఆ ఆటా ఆ నిద్రా చదువులో భాగమే.

ఇక ‘ఫౌండేషన్’ గురించి నాకున్న సందేహాలను దాచకుండా చెబుతాను. ఐఐటీల్లో చేరడానికి రాసే జేఈఈ పరీక్షలో ప్రశ్నలు ఇంటర్ రెండేళ్ళ పాఠాల మీద వస్తాయి. ఆ పాఠాలను ఆరో తరగతి నుంచే కొద్దికొద్దిగా నూరిపోస్తే పిల్లలు ముందుకు పోతారనే నమ్మకం మన వరంగల్‌లో, కరీంనగర్‌లో ఎంతగా పాతుకుపోయిందంటే, దాన్ని ప్రశ్నించిన వారిని పిల్లల ఎదుగుదల కోరని వారిగా చూస్తున్నారు. నా దగ్గరికి వచ్చే ఆరో తరగతి పిల్లల్లో కొందరు వేగం, త్వరణం సూత్రాలను గడగడా అప్పజెబుతారు, కానీ మూడింట రెండు వంతులు పెద్దదా, నాలుగింట మూడు వంతులు పెద్దదా అంటే తలదించుకుంటారు. సూత్రం నోటికి వచ్చింది, సంఖ్య మీద పట్టు రాలేదు. వారం వారం పరీక్ష, మార్కుల ప్రకారం సెక్షన్ల మార్పు, కింది సెక్షన్‌కు దించినప్పుడు ఇంట్లో ఏడుపు, వీటన్నిటి మధ్య పిల్ల నేర్చుకునేది లెక్క కాదు, లెక్కంటే భయం. ఏడో తరగతిలో మెడల్ తెచ్చి, ఇంటర్ మొదటి ఏడాదికల్లా పుస్తకం తెరవలేని స్థితిలో నా ముందు కూర్చున్న పిల్లలను చాలామందిని చూశాను. ఆ చదువు కొందరికి నప్పుతుంది, కాదనను. లెక్కల మీద తనంతట తానే ఇష్టం పెంచుకున్న పిల్లకు అదనపు పుస్తకాలు ఇస్తే ఆనందంగా చేస్తుంది. అయితే ఆ ఇష్టం ఉందో లేదో తెలియకముందే 76 వేలు కట్టి, రోజూ బస్సులో తిప్పి, అలసిపోయిన పిల్లను రాత్రి మళ్ళీ హోంవర్కుకు కూర్చోబెట్టడం ఎందుకో నాకు అర్థం కాదు. అయిదేళ్ళకు ఫీజు పెరగకపోయినా అది 3 లక్షల 80 వేలు. ఇంటర్‌కు, డిగ్రీకి, హాస్టల్‌కు ఆ డబ్బు అక్కరకు వచ్చే రోజు ముందుంది.

ఇప్పుడు ఒక కఠినమైన మాట అంటున్నాను, నొచ్చుకోకండి. మీరు రెండు పేజీల ఉత్తరం రాశారు. ఆడపడుచును అడిగారు, దుకాణానికి వచ్చే ఖాతాదారులను అడిగారు, నన్ను అడిగారు. పది నిమిషాల దూరంలో ఉన్న బడిలోకి మాత్రం ఒక్కసారి కూడా అడుగుపెట్టినట్టు రాయలేదు. బిడ్డను అడిగినట్టూ రాయలేదు. చూడని బడిని ‘అక్కడ చదువు చెప్పరట’ అని తీసిపారేయడం, చూడని మరో బడికి గోడమీది ర్యాంకుల ఫ్లెక్సీని నమ్మి డబ్బు కట్టడం, రెండూ ఒకే తప్పు.

సర్కారు బడులన్నీ బాగున్నాయని నేను చెప్పను. కొన్ని చోట్ల లెక్కల సారు బదిలీ అయి నెలల తరబడి ఆ పీరియడ్ ఖాళీగా పోతుంది. ఎన్నికల పనులు, సర్వేలు టీచర్ల సమయాన్ని తినేస్తాయి. ఒకే తరగతిలో చక్కగా చదివే పిల్లలూ, అక్షరాలు కూడబలుక్కునే పిల్లలూ కలిసి ఉంటారు. కానీ అక్కడి టీచర్లు టీచరు శిక్షణ పొంది, సర్కారు టీచర్లను ఎంపిక చేసే డీఎస్సీ లాంటి పోటీ పరీక్షలు దాటి వచ్చినవారు. 2024 డీఎస్సీ 11,062 పోస్టులకు జరిగిన తర్వాత చాలా బడులకు కొత్తవాళ్ళు కూడా వచ్చారు. కాబట్టి మీ బడిలో పరిస్థితి ఏమిటో మీరే చూడాలి.

బడులు తెరిచాక ఒక మామూలు పనిదినాన, పదకొండు గంటల వేళ వెళ్ళండి. పెద్దసారును కలిసి, ఆరు నుంచి ఎనిమిది దాకా ఏ సబ్జెక్టుకు ఎవరున్నారో, ఎంతకాలంగా ఉన్నారో అడగండి. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఈ తరగతుల్లో 35 మంది పిల్లలకు ఒక టీచర్ ఉండాలనీ, గణితం-సైన్సుకు, సాంఘిక శాస్త్రానికి, భాషలకు కనీసం ఒక్కొక్కరు ఉండాలనీ చెబుతోంది కనుక, అడగడానికి మొహమాటపడనక్కరలేదు. ఏడో తరగతి పిల్ల నోటుబుక్కు ఒకటి తిరగేసి చూడండి. ఎర్ర ఇంకు దిద్దుబాట్లు వారం వారం ఉన్నాయా, లేక తనిఖీ ముందు ఒక్కరోజే పెట్టిన టిక్కులా అన్నది కళ్ళకే తెలుస్తుంది. ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపుకు గడియ ఉందా, కుళాయిలో నీళ్ళు వస్తున్నాయా అన్నది తప్పకుండా చూడండి, ఫీజుల గురించి గంటసేపు మాట్లాడే తల్లిదండ్రులు దీన్ని చూడకుండా వచ్చేస్తారు.

ఇంగ్లీషు గురించి మీ దిగులు కొంతవరకు నిజమే. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం తెచ్చారు, ఒక పక్క తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు ఉండే పుస్తకాలు ఇచ్చారు. పాఠం అర్థం కావడానికి ఇవి నిజంగా మంచి పుస్తకాలు. మాట్లాడే ఇంగ్లీషు మాత్రం దానంతట అది రాదు. రోజూ ఇరవై నిమిషాలు మీ అమ్మాయి చేత ఇంగ్లీషు కథల పుస్తకం పైకి చదివించండి, మీకు రాకపోయినా పక్కన కూర్చుని వినండి.

సర్కారు బడిలో చదివినవారికి దక్కే ప్రత్యేక అవకాశాలు కూడా ఉన్నాయి. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలకు మించకపోతే ఎనిమిదో తరగతిలో ఎన్ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష రాయవచ్చు, ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12 వేల చొప్పున ఇస్తారు. ఆ పెద్ద బడి లాంటి ప్రైవేటు బడుల పిల్లలకు ఆ పరీక్ష రాసే వీలు లేదు. బాసర ట్రిపుల్ ఐటీలో ఆరేళ్ళ ఇంజనీరింగ్ చదువుకు పదో తరగతి మార్కులతోనే సీటు ఇస్తారు, సర్కారు బడుల్లో ఇంటి నుంచి వెళ్ళి చదివిన పిల్లలకు అదనపు వెయిటేజీ ఉంది.

మీ బడిలో లెక్కలకు, సైన్సుకు, ఇంగ్లీషుకు టీచర్లు ఉండి, పుస్తకాలు దిద్దుతున్నారని మీ కంటితో చూస్తే, ఇక ఎవరినీ అడగకుండా చేర్పించండి. చేర్పించాక బడి పిల్లల తల్లుల సమావేశాలకు మానకుండా వెళ్ళండి, అడిగే తల్లి ఉన్న తరగతిలో పీరియడ్ ఊరికే పోవడం తగ్గుతుంది. ఒకవేళ లెక్కల పోస్టు ఖాళీగా ఉండి, ఎప్పుడు వస్తారో పెద్దసారు కూడా చెప్పలేకపోతే, దగ్గరలోని మరో జిల్లా పరిషత్ బడిని, ఫౌండేషన్ మాట ఎత్తని ఒక మామూలు ప్రైవేటు బడిని కూడా ఇదే విధంగా చూసి, ఏం కనిపించిందో నాకు రాయండి. ఈసారి వెళ్ళేటప్పుడు అమ్మాయిని వెంట తీసుకువెళ్ళండి, ఆ తరగతి గదిలో కూర్చోవలసింది ఆమే కదా.