ప్రశ్న – జవాబు: తాళం గుర్తు దేనికి కాపలా?

ప్రశ్న: నేను లెక్కలు బోధించి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ని. మొన్న రైల్వే స్టేషనులో ఉచిత వైఫైతో కరెంటు బిల్లు కట్టాను. పక్కన కూర్చున్న యువకుడు చూసి, మధ్యలో ఎవరైనా పాస్‌వర్డు లాగేస్తారని హెచ్చరించాడు. వెబ్ చిరునామా ముందు తాళం గుర్తు, హెచ్‌టీటీపీఎస్ అనే అక్షరాలు ఉంటే భయం లేదని మా మనవరాలు అంటోంది. నా సందేహం వేరు. నా ఫోనూ ఆ వెబ్‌సైటూ అంతకు ముందు ఎన్నడూ కలుసుకోలేదు. నలుగురూ వినే దారిలోనే మాట్లాడుకుంటూ, తమ ఇద్దరికే తెలిసిన రహస్యాన్ని అవి ఎలా కుదుర్చుకుంటాయి?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, మీ మనవరాలు చెప్పింది నిజం. అయితే ఆ యువకుడి భయానికీ ఒకప్పుడు గట్టి ఆధారమే ఉండేది. 2010 అక్టోబరులో ఫైర్‌షీప్ అనే చిన్న ప్రోగ్రాము వచ్చింది. దాన్ని ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు తగిలించుకున్నవారు, పాస్‌వర్డు లేని వైఫైలో తమ చుట్టూ ఉన్నవారి ఫేస్‌బుక్ ఖాతాల్లోకి ఒక్క నొక్కుతో ప్రవేశించగలిగేవారు. ఆ రోజుల్లో చాలా వెబ్‌సైట్లు పాస్‌వర్డు అడిగే పేజీని మాత్రమే గుప్తీకరించి, అంటే ఇతరులకు అర్థంకాని రూపంలోకి మార్చి, తక్కిన సంభాషణ అంతటినీ పోస్టుకార్డు మీద రాసినట్టు బాహాటంగా పంపేవి. ఇప్పుడు పేరున్న వెబ్‌సైట్లు మొదటి అక్షరం నుంచి చివరి దాకా గుప్తీకరించే పంపుతున్నాయి.

ఇక మీ అసలు సందేహానికి 1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ అనే ఇద్దరు అమెరికన్లు జవాబు ప్రచురించారు. మీరు లెక్కల మాస్టారు కనుక కాగితం, కలం తీసుకుని నాతోపాటు చేసి చూడండి. 17 అనే ప్రధాన సంఖ్యనూ, 3 అనే సంఖ్యనూ ఇద్దరం బహిరంగంగానే ఒప్పుకుందాం. మీరు మనసులో 6 అనుకోండి, ఎవరికీ చెప్పకండి. 3 యొక్క 6వ ఘాతం 729. దాన్ని 17తో భాగిస్తే శేషం 15. ఆ 15ను గట్టిగా అరిచి నాకు చెప్పండి. నేను మనసులో 7 అనుకున్నాను. 3 యొక్క 7వ ఘాతం 2187, శేషం 11. నేనూ దాన్ని అరిచి చెబుతాను. ఇప్పుడు మీరు నా 11ను మీ రహస్యమైన 6వ ఘాతానికి హెచ్చించి 17తో భాగించండి. శేషం 8 వస్తుంది. నేను మీ 15ను నా 7వ ఘాతానికి హెచ్చించి భాగిస్తాను. నాకూ 8 వస్తుంది. ఆ 8ని మనలో ఎవరమూ నోటితో పలకలేదు. పక్కన నిలబడి విన్నవాడి చేతిలో 17, 3, 15, 11 ఉన్నాయి గానీ 8 లేదు. అది కావాలంటే, 3ను ఏ ఘాతానికి హెచ్చిస్తే శేషం 15 మిగులుతుందో అతడు వెనక్కి వెతుక్కోవాలి. 17 విషయంలో పదహారుసార్లు ప్రయత్నిస్తే దొరికిపోతుంది. అదే ప్రధాన సంఖ్యలో 600కు పైగా అంకెలుంటే, ముందుకు వెళ్లే లెక్క క్షణంలో పూర్తవుతుంది, వెనక్కి వచ్చే లెక్కను మాత్రం నేటి కంప్యూటర్లన్నీ కలిసినా ఛేదించలేవు. లెక్కల్లో ఇంత అందమైన ఘట్టాలు తక్కువని నా అభిప్రాయం. మీ పూర్వ విద్యార్థులెవరైనా కనబడితే దీన్ని తప్పక చేసి చూపించండి.

నేటి బ్రౌజర్లు ఎక్కువగా ఇదే సూత్రాన్ని మామూలు సంఖ్యలకు బదులు దీర్ఘవృత్తీయ వక్రాలనే ఒక రకం గీతల మీది బిందువులతో నడుపుతాయి. ఇలా కుదిరిన రహస్యం నుంచి తాళంచెవి తయారవుతుంది. అక్కడి నుంచి మీ పాస్‌వర్డు, బిల్లు మొత్తం, వచ్చే రసీదు అన్నీ దానితోనే గుప్తీకరణ పొందుతాయి. దారిలో ఎవరైనా ఒక్క అక్షరం మార్చినా అవతలివైపు తెలిసిపోతుంది. ఈ ఒప్పందాల వరుసకు టీఎల్‌ఎస్ అని పేరు; హెచ్‌టీటీపీఎస్ వెనక పనిచేసేది ఇదే. 2018లో వెలువడిన దాని 1.3వ రూపం, కొత్తగా కలిసిన ప్రతిసారీ రహస్య సంఖ్యలను కొత్తగా ఎంచుకునే పద్ధతినే ప్రధానం చేసింది. అందువల్ల ఈ రోజు మీ సంభాషణను ఎవరైనా రికార్డు చేసి దాచుకున్నా, రేపు ఆ వెబ్‌సైటు సొంత తాళంచెవిని దొంగిలించినా, పాత సంభాషణ తెరుచుకోదు.

మీరు గమనించే ఉంటారు, ఈ లెక్కలో ఒక లోటు ఉంది. మీతో 8ని పంచుకున్నది నేనేనని మీకెలా తెలుస్తుంది? మధ్యలో మూడోవాడు చేరి, మీతో ఒక రహస్యం, నాతో మరో రహస్యం కుదుర్చుకుని, ఇటు మాట అటు చేరవేస్తూ అంతా చదువుకోవచ్చు. దీనికి అడ్డుకట్టగా వెబ్‌సైటు తన గుర్తింపు పత్రం లాంటి సర్టిఫికెట్ చూపాలి, దాని మీద సర్టిఫికెట్ అథారిటీ అనే సంస్థ డిజిటల్ సంతకం ఉండాలి. ఏ అథారిటీలను నమ్మాలో ఆ జాబితా మీ ఫోనులో ముందుగానే ఉంటుంది. ఈ నమ్మకం దెబ్బతిన్న సందర్భాలూ ఉన్నాయి. 2011లో నెదర్లాండ్స్‌కు చెందిన డిజినోటార్ అనే సర్టిఫికెట్ అథారిటీ సంస్థలోకి చొరబడినవారు గూగుల్ పేరిట దొంగ సర్టిఫికెట్ పుట్టించి, ఇరాన్‌లోని జీమెయిల్ వాడకందారుల మీద ప్రయోగించారు; ఆ సంస్థ అదే ఏడాది దివాలా తీసింది. మన దేశంలో 2014 జులైలో కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ ద్వారా గూగుల్ పేరిట అనధికార సర్టిఫికెట్లు వెలువడటంతో వాటిని రద్దు చేయాల్సి వచ్చింది. ఈ అనుభవాల ఫలితంగానే, జారీ అయిన ప్రతి సర్టిఫికెట్‌నూ ఎవరైనా చూడగలిగే బహిరంగ చిట్టాలో నమోదు చేయాలనే నియమాన్ని క్రోమ్ బ్రౌజరు 2018 నుంచి అమలు చేస్తోంది.

ప్రశ్న: పార్శిల్ ఆగిపోయిందంటూ మా అక్కకు మెసేజ్ వచ్చింది. లింకు తెరిస్తే తాళం గుర్తు ఉంది. 25 రూపాయలు కట్టమంటే కార్డు వివరాలు ఇచ్చింది. సాయంత్రానికల్లా 18 వేలు పోయాయి. మరి తాళం ఏం చేసినట్టు?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఇంకా చేయకపోతే ముందుగా సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, బ్యాంకుకు చెప్పి కార్డును నిలిపివేయించండి. డబ్బు చేతులు మారకముందే ఆపించడానికి ప్రతి గంటా విలువైనదే.

మీ అక్కగారిని తప్పుపట్టకండి. తాళం ఉంటే భద్రమని ఏళ్ల తరబడి మాలాంటివాళ్లమే చెబుతూ వచ్చాం. ఆ తాళం కాపాడేది దారిని మాత్రమే. మీ అక్కగారి కార్డు వివరాలు దారిలో ఎవరికీ చిక్కకుండా, భద్రంగా, నేరుగా దొంగ చేతికే చేరాయి. 2015 డిసెంబరు నుంచి లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ అందరికీ ఉచితంగా సర్టిఫికెట్లు ఇస్తోంది. చిన్న పత్రికలకూ, బడుల వెబ్‌సైట్లకూ అది చేసిన మేలు ఎంతో గొప్పది. అయితే అలాంటి సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు ఆ వెబ్ చిరునామా అడిగినవారి అధీనంలో ఉందా లేదా అన్నదే చూస్తారు. ఆ మనిషి మంచివాడా కాదా అన్నది ఎవరూ చూడరు. తాళాన్ని జనం నిజాయితీకి గుర్తుగా అర్థం చేసుకుంటున్నారని గ్రహించి, 2023లో క్రోమ్ తన చిరునామా పట్టీలోంచి ఆ బొమ్మనే తీసేసింది.

మనం చదవాల్సింది పేరును. చిరునామా మొదట్లోని జంట ఏటవాలు గీతలు దాటాక, తర్వాత వచ్చే మొదటి ఒంటి గీత దగ్గర ఆగి, అక్కడి నుంచి ఎడమకు చదవండి. అసలు యజమాని పేరు ఆ కుడి కొసనే ఉంటుంది; దానికి ఎడమవైపు బ్యాంకు పేరైనా, కొరియర్ పేరైనా ఎవరైనా తగిలించుకోవచ్చు. బ్యాంకుల విషయంలో ఇప్పుడొక వెసులుబాటు వచ్చింది. 2025 అక్టోబరు 31 కల్లా బ్యాంకులన్నీ తమ వెబ్‌సైట్లను ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ చిరునామాకు మార్చాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ పేర్లు ఇచ్చే అధికారం రిజర్వు బ్యాంకు నెలకొల్పిన హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ అనే సంస్థకు మాత్రమే ఉంది కనుక, బయటివారికి అవి దొరకవు.

ప్రశ్న: హాస్టల్ వైఫైలో మేం చూసేదంతా తనకు కనిపిస్తుందని వార్డెను అంటున్నారు. నిజమేనా? అలాగే నా పాత ఫోనులో తరచు ‘ఈ కనెక్షను సురక్షితం కాదు’ అని వస్తోంది. దాటి వెళ్లవచ్చా?
– ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: ఏ వెబ్‌సైటుకు వెళ్లారు, ఎప్పుడు, సుమారు ఎంత డేటా వాడారు అన్నది వైఫై నడిపేవారికి సాధారణంగా తెలుస్తుంది. అందులో ఏ పేజీ చదివారు, ఏం వెతికారు, ఏం రాశారు అన్నది తెలియదు. అయితే వైఫై వాడాలంటే ఏదైనా సర్టిఫికెట్‌ను ఫోనులో వేసుకోవాలని ఎవరైనా అడిగితే ఒప్పుకోకండి. దానితో ఈ రక్షణ అంతా వారి చేతికి వెళ్లిపోగలదు.

హెచ్చరిక విషయానికొస్తే, ముందు ఫోనులో తేదీ, సమయం సరిగా ఉన్నాయో లేదో చూడండి. సర్టిఫికెట్లకు గడువు ఉంటుంది కనుక, బ్యాటరీ పూర్తిగా అయిపోయి తేదీ వెనక్కి పోయిన ఫోనుకు మంచి సర్టిఫికెట్ కూడా చెల్లనిదిగానే కనిపిస్తుంది. తేదీ సరిగానే ఉన్నా హెచ్చరిక వస్తుంటే మొబైల్ డేటాతో తెరిచి చూడండి. అక్కడా అదే వస్తే, సాఫ్ట్‌వేరు అప్‌డేట్ చేసుకునేదాకా ఆ ఫోనులో పాస్‌వర్డు గానీ, కార్డు నంబరు గానీ టైపు చేయకండి.