కమ్యూనిటీ హాల్ తాళం ఎవరి దగ్గరుండాలి?

ప్రశ్న: అక్కా, మాది వైజాగ్, మధురవాడ దగ్గర ఓ కాలనీ. అందరం చందాలేసుకుని కొత్తగా కమ్యూనిటీ హాల్ కట్టుకున్నాం, కింద పెద్ద హాలు, పక్కనో గది, పైన డాబా. పెద్దాళ్లు పేపర్లు చదువుకోడానికి, భజనకీ కావాలంటారు, పిల్లలు షటిల్ అంటారు, మేం యోగాకి అడుగుతున్నాం, ఈలోగా కమిటీ వాళ్లేమో బారసాలలకీ బర్త్‌డేలకీ అద్దెకిచ్చేస్తున్నారు. మా మావయ్యగారు మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేక రెండుసార్లు గేటు దాకా వెళ్లి వచ్చేశారు. ఏం చెయ్యమంటారు?
– ఓ గృహిణి

జవాబు: చెల్లీ, నువ్వు రాసింది చదివితే గొడవ పెద్దాళ్లకీ పిల్లలకీ మధ్య కాదనిపిస్తోంది, వాళ్లిద్దరూ ఒక టైముకి రారు కదా. పొద్దున్నే ఆరింటికి యోగా, పదింటికి పేపర్లు, సాయంత్రం స్కూలు వదిలాక కేరమ్స్, చెస్సు, ఆ తర్వాత భజన, ఇలా గంటలు రాసి గోడకి అంటించండి చాలు. షటిల్ మాత్రం ఆ హాల్లో వద్దు, ఫ్యాన్లకి తగులుతుంది, బయట ఖాళీ స్థలంలో ఆడుకోమనండి. అద్దె పూర్తిగా మానక్కర్లేదు, కరెంటు బిల్లు కట్టాలిగా, కాకపోతే నెలకి ఇన్ని ఆదివారాలే అని మీటింగ్‌లో తేల్చుకుని, వచ్చిన డబ్బు లెక్క బోర్డు మీద పెట్టమను. ఫంక్షనైనా సరే డాబా మీద రాత్రి 10 నుంచి పొద్దున్న 6 దాకా మైకు పెట్టకూడదు, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉంది. మీ కమిటీ రిజిస్టర్ అయిందా? 2001 నాటి మన సొసైటీల చట్టం కింద ఏడుగురుంటే చాలు, అప్పుడు లెక్క అడిగితే ఎవరూ మొహం మాడ్చుకోరు.

ఇక మావయ్యగారి సంగతి, నాకైతే ఇదే అన్నిటికన్నా ముందు. మెట్ల పక్కన ర్యాంప్ కట్టించండి, అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు లెక్క, అంటే మీ అరుగు అడుగున్నర ఎత్తుంటే పద్దెనిమిది అడుగులు. చోటు లేదని నిటారుగా పోసేస్తారు మేస్త్రీలు, అది పిల్లలు జారడానికి తప్ప ముసలాళ్లకి పనికిరాదు. చేత్తో పట్టుకోడానికి పైపు, లోపల ఒక్కటైనా వెస్టర్న్ టాయిలెట్ ఉండాలి. పైపు మామూలు ఇనుముది వద్దు, మన ఊరి ఉప్పుగాలికి ఎన్నాళ్లు ఆగుతుంది, స్టీలే వేయించండి.

ఇంకోటి, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేక ఎంత అవస్థపడ్డామో గుర్తుందా? అలాంటి రోజు రేకులింట్లో ఉన్నవాళ్లు తలదాచుకోడానికి వస్తే, తాళం ఉన్నాయన పెళ్లికని శ్రీకాకుళం వెళ్లుంటే ఎలా? అందుకే ఒకటి వాచ్‌మన్ దగ్గర, ఒకటి కమిటీ దగ్గర, మూడోది ఎప్పుడూ ఇంటిపట్టునే ఉండే మనిషి దగ్గర ఉంచండి. ర్యాంప్ అయ్యాక ఆ మూడోది మీ మావయ్యగారికే ఇప్పించు.