రొమ్ము క్యాన్సర్ అని వారం క్రితమే తెలిసింది, ఇల్లూ ఉద్యోగమూ ఎలా నెట్టుకురావాలి?

వచ్చే వారం ఆపరేషన్, తర్వాత కీమో, ఇద్దరు చిన్నపిల్లలు, ప్రైవేటు స్కూల్లో ఉద్యోగం, ఇవన్నీ ఎలా నడపాలి, ఎవరికి చెప్పాలి అని అడిగారు కదా చెల్లెమ్మా. నేను సూర్యాపేటలో జాకెట్లు కుట్టే టైలర్‌ని. 2022లో, నాకు 44 ఏళ్ళప్పుడు, ఎడమ రొమ్ములో గడ్డ బయటపడింది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి, ఇప్పుడు రోజుకో మాత్ర వేసుకుంటూ మిషన్ కుడుతున్నాను. మందుల సంగతి డాక్టర్ చెబుతారు, ఇంట్లో రోజులు ఎలా గడిచాయో నేను చెబుతాను.

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆదుకున్నది గోడమీది క్యాలెండర్. నాకు మొదట 21 రోజులకోసారి, మొత్తం నాలుగుసార్లు ఎర్ర మందు ఎక్కించారు (ఎక్కించాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది, రక్తమనుకుని హడలిపోయాను, అది మందు రంగే). మొదటిసారి అయ్యాక ఏ రోజు ఎలా ఉన్నానో ఆ తేదీ గడిలోనే రాసుకున్నాను. మొదటి రెండు రోజులు పర్వాలేదు, మూడో రోజు నుంచి ఆరో రోజు దాకా మంచం దిగలేదు, రెండో వారంలో తెల్ల కణాలు పడిపోతాయన్నారు కాబట్టి ఫంక్షన్లకు పోలేదు, మూడో వారం మాత్రం దాదాపు మామూలు మనిషిని. రెండోసారి నుంచి ఆ లెక్క మీదే ఆర్డర్లు తీసుకున్నాను, శ్రావణమాసం పెళ్ళి జాకెట్లకు కూడా మూడో వారం తేదీలే ఇచ్చాను. ఒప్పుకోని వాళ్ళు ఆది జాకెట్ వెనక్కి తీసుకెళ్ళారు, కానీ ఎక్కువమంది ఆగారు. మీరూ మొదటి కీమో తర్వాత మీ లెక్క మీరు రాసుకుని స్కూల్లో చూపించండి. "ఒంట్లో బాగుంటే వస్తాను" అంటే వాళ్ళకేమీ అర్థం కాదు, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా రాలేనంటే క్లాసులు సర్దడం వాళ్ళకూ తేలిక.

ఒక్క విషయంలో మాత్రం లెక్కలు వేసుకుంటూ కూర్చోవద్దు. జ్వరం 100.4 ఫారెన్‌హీట్‌కి చేరితే మాత్ర మింగి తెల్లారేదాకా చూద్దామనుకోకుండా అర్ధరాత్రయినా హాస్పిటల్‌కి వెళ్ళాలి. థర్మామీటర్ ఇప్పుడే కొనిపెట్టుకోండి.

తర్వాత 12 వారాలు వారానికోసారి ఇంకో మందు. దానికి వాంతులు తక్కువే గానీ వేళ్ళ కొసలు తిమ్మిరెక్కి సూదిలో దారం ఎక్కించలేకపోయాను, గరిటె కాలినా తెలియలేదు. ఇది నా పని మీద దెబ్బ కదా, దుకాణం మూయాలేమోనని రెండు వారాలు ఎవరికీ చెప్పకుండా ఏడ్చాను. చివరికి చెబితే డాక్టర్ వెంటనే మోతాదు తగ్గించారు. ఏ ఇబ్బందైనా మొదటి రోజే చెప్పండి, ఓర్చుకుంటే మంచి పేషెంటు అనుకుంటారనేం లేదు.

ఎవరికి చెప్పాలంటారా? "నీకు ఆడపిల్లలున్నారు, రేపు సంబంధాలు రావు, బయటపెట్టకు" అని మా ఆడపడుచు గట్టిగా చెప్పింది. నేను దాచలేదు. రొమ్ము క్యాన్సర్లలో తల్లిదండ్రుల నుంచి పిల్లలకు జన్యువుల ద్వారా వచ్చేవి నూటికి 5 నుంచి 10 మాత్రమే, ఆ అనుమానం ఉంటే పరీక్ష కూడా ఉంది. మొదటి కీమో తర్వాత మూడో వారంలో జుట్టు ఊడటం మొదలైతే నేనే గుండు చేయించుకున్నాను. చూసిన వాళ్ళంతా "తిరుపతి వెళ్ళొచ్చారా?" అని అడిగేవారు. రెండు రోజులు అవునన్నాను, మూడో రోజు నోరు రాలేదు, క్యాన్సర్‌కి మందులు వాడుతున్నానని చెప్పేశాను. ఆ సాయంత్రమే మా కస్టమర్ ఒకావిడ తనకీ గడ్డ ఉందని, ఆర్నెల్లుగా మొగుడికి కూడా చెప్పలేదని వచ్చి కూర్చుంది. ఆమెను పరీక్షకు నేనే తీసుకెళ్ళాను.

చెప్పినవాళ్ళంతా "ఏదైనా అవసరమైతే అడుగు" అంటారు, మనకేమో అడగాలంటే మొహమాటం. నేను పనులు పంచేశాను: పక్కింటావిడకు ఆ నాలుగు రోజులు పిల్లల టిఫిన్ డబ్బా, తమ్ముడికి హైదరాబాద్ ప్రయాణాలు, మా ఆయనకు వంట. నాకు తాలింపు వాసన పడేది కాదు, పెరుగన్నం, ఇడ్లీ, రాగి జావతోనే బతికాను. ఎవరైనా పసరు మందు తెస్తే దండం పెట్టి పక్కన పెట్టండి, కీమోతో కలిపి అలాంటివి తాగకూడదు. డబ్బు గురించి టెన్షన్ ఉంటే, రేషన్ కార్డు పట్టుకుని హాస్పిటల్లో ఆరోగ్యశ్రీ సంగతులు చూసే ఆరోగ్యమిత్రను ఇవాళే కలవండి.

ఆపరేషన్‌లో చంకలోని లింఫు గ్రంథులు కూడా తీస్తే ఆ చేతికి బీపీ చూడనివ్వద్దు, సూది వేయనివ్వద్దు, నీళ్ళ బకెట్ ఎత్తొద్దు. ఆ చేతి గాజులు బిగుతవుతున్నాయంటే వాపు మొదలైందన్నమాట, ఆలస్యం చేయకుండా చూపించుకోండి.

ఇంకొకటి, ఇది టైలర్‌గా చెబుతున్నాను. ఈ వారంలోనే మెత్తటి కాటన్‌తో రెండు జాకెట్లు కుట్టించుకోండి, హుక్కులు ముందుకే ఉండాలి, చేయి పైకెత్తకుండా తొడుక్కునేలా చంక దగ్గర బాగా వదులు పెట్టించండి. గాయం నుంచి నీరు పోవడానికి ఒక పైపు, దానికి చిన్న డబ్బా పెట్టి ఇంటికి పంపుతారు, అది వేలాడుతూ లాగుతుంటే ప్రాణం పోతుంది, కాబట్టి లోపలి వైపు దానికొక జేబు కుట్టించడం మరిచిపోకండి.