దుబాయి ముచ్చట్లు రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

దుబాయి పోయి వచ్చిన మన వాళ్ళను కలిసి నువ్వు రాసి పంపిన నలభై పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి రాత్రి ఏకబిగిన చదివేశాను, రెండోసారి పొద్దున చాయ్ తాగుతూ పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను, అప్పుడు కోపం వచ్చింది. నీ మీద కాదులే, నీ మొదటి పేరా మీద. "ఎడారి గర్భంలో వెలసిన స్వర్ణనగరం" అట, "ఆకాశాన్ని ముద్దాడే హర్మ్యాలు" అట. నువ్వు కలిసిన పదకొండు మందిలో ఎవరన్నారు ఈ మాటలు? మెట్‌పల్లి దగ్గర నుంచి పోయి పద్దెనిమిదేళ్ళు బిల్డింగులకు ఇనుప కడ్డీలు కట్టిన మనిషి హర్మ్యం అన్నాడా? బిల్డింగు అనే ఉంటాడు. అదే రాయి.

నువ్వు ప్రతి ఒక్కరినీ "దుబాయి ఎట్లుండె?" అని అడిగినట్టున్నావు. ఆ ప్రశ్నకు జవాబు అందరి నోట్లో తయారుగా ఉంటుంది. టీవీ వాళ్ళకు, ఎలక్షన్లప్పుడు వచ్చే నాయకులకు, పిల్లనివ్వడానికి వచ్చిన వియ్యంకులకు చెప్పీ చెప్పీ అరిగిపోయిన జవాబు అది. అయితే "గోస" అంటారు, లేకపోతే "మంచిగనే ఉండె" అంటారు. నువ్వు ఆ రెండు మాటలనే పట్టుకుని, మిగతాది పేపర్లలో చదివిన కన్నీళ్ళతో నింపేశావు. గల్ఫ్ గురించి మనం రాసేవన్నీ అయితే శవపేటిక కథలు, కాకపోతే బంగారం కథలు. నడుమ గడిచిన పద్దెనిమిదేళ్ళు ఎవరూ రాయరు.

నీ జాబితాలో మూడో మనిషి నాకు తెలుసు. ఆయన గురించి నువ్వు రెండు లైన్లు రాశావు, "ఎన్నో కష్టాలు పడ్డాడు" అని. పోయిన వారం వాళ్ళింటికి పోయి కూర్చున్నాను. నాకూ అదే చెప్పాడు, "ఏమున్నది సారూ చెప్పుటానికి, పోయినం, చేసినం, అచ్చినం" అని. సరే అని, ఇనుము ఎట్ల కడతారో చూపించమన్నాను. లేచాడు. పందిరికి చుట్టి ఉన్న బైండింగ్ వైరు జానెడు విప్పాడు, రెండు చీపురు పుల్లలు అడ్డంగా పెట్టి, వైరును మడిచి కిందనుంచి తిప్పి, పట్టకారుతో రెండు మెలికలు వేసి తుంచేశాడు. మొత్తం రెండు సెకన్లు కూడా పట్టలేదు. డెబ్బై దగ్గర పడుతున్న మనిషి, చేతికి ఇంకా గుర్తుంది. అప్పుడు మొదలైంది చూడు. వైరు చుట్ట నడుముకు ఏ పక్కన వేలాడదీయాలో, ఎండాకాలం కడ్డీ ముట్టుకుంటే అరచేయి ఎట్ల అంటుకుపోయేదో, గ్లౌజులు చిరిగితే పాత లుంగీ గుడ్డ చుట్టుకోవడం, పాకిస్తాన్ ఫోర్‌మన్ చెయ్యి చూసి మనిషి ఏ ఊరోడో చెప్పేయడం. చెప్తూ చెప్తూ, షేక్ జాయెద్ రోడ్డు మీద ఒక బిల్డింగు పై అంతస్తులో ఉన్నప్పటి చలికాలపు పొద్దు గురించి చెప్పాడు. మంచు కమ్మింది. "కింద దుబాయి లేకుండె సారూ. పత్తి ఆరవోసినట్టు తెల్లగ. మేము నలుగురం, ఒక క్రేను, గంతే." నువ్వు నలభై పేజీల్లో చెప్పలేకపోయిన నగరం అదిరా! కట్టేవాడికి ఆ పొద్దున ఊరే కనపడలేదు.

అందుకే చెప్తున్నా, ఊరు గురించి అడగకు, పని గురించి అడుగు. డ్రైవరైతే మొదటి రోజు ఏ రౌండబౌట్ దగ్గర దారి తప్పాడో అడుగు. వంటమనిషైతే ఎంతమందికి ఎన్ని కిలోల బియ్యం పోసేవాడో అడుగు.

ఇక తప్పుల సంగతి. ఒక పెద్దాయన "అప్పట్లో దుబాయిల మన పైసలే నడిచేటియని సేటు చెప్పిండు" అంటే నువ్వు దాన్ని కొట్టేసి పక్కన "అతిశయోక్తి" అని రాసుకున్నావు. కాదు, నిజం. బర్‌దుబాయిలో గుజరాతీ, సింధీ దుకాణదారులు ఆ తరాన్ని చూసినవాళ్ళు. అక్కడ మన రూపాయే చెల్లేది, 1959లో మన రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ దేశాల కోసమని వేరే నోటు అచ్చువేసింది, 1966లో మన రూపాయి విలువ తగ్గించాకే దుబాయి వాళ్ళు దాన్ని వదిలేశారు. దుబాయిలో చమురు బయటపడింది కూడా ఆ ఏడాదే. 1968లో జనాభా లెక్క తీస్తే సుమారు 59 వేల మంది, మన జిల్లాలో ఒక పట్నమంత. ఇప్పుడు 35 లక్షలు దాటారు. ఈ మాత్రం నీ దగ్గర ఉంటే ఎవరి మాట కొట్టేయాలో, ఎవరి మాట ఉంచాలో తెలుస్తుంది. ఇంకొకాయన 1988లో పోయినప్పుడే బుర్జ్ అల్ అరబ్ చూశానన్నాడు కదా, అది 1999లో తెరిచారు. కానీ దాన్ని కొట్టేయకు! మళ్ళీ పోయి అడుగు. రెండు వీసాల మీద రెండుసార్లు పోయి ఉంటాడు, నడుమ ఇంటి దగ్గర గడిపిన ఏళ్ళు మనసులోంచి జారిపోయి ఉంటాయి. అవి ఎందుకు జారిపోయాయన్నది, అడగగలిగితే, ఆ బిల్డింగు కన్నా పెద్ద కథ.

డబ్బు దగ్గర మాత్రం గట్టిగా ఉండు. "నెలకు 600 దిర్హమ్‌లు" అని రాసి ఇప్పటి రేటుతో గుణించేశావు. నేను 1985లో టైమ్‌కీపర్‌గా పోయినప్పుడు దిర్హమ్ మూడున్నర రూపాయలు కూడా లేదు. 1993లో తిరిగి వచ్చేనాటికి ఎనిమిది దాటింది, అది మా కష్టం వల్ల కాదు, మన రూపాయి పడిపోవడం వల్ల. ఆ ఎనిమిదేళ్ళలో నా జీతం పెరిగింది తక్కువే, ఇంట్లో వాళ్ళు మాత్రం నేను గొప్పవాణ్ణి అయ్యాననుకున్నారు. రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన ఏజెంటు అప్పు ఎన్ని నెలలకు తీరిందో అడిగితే అసలు లెక్క దొరుకుతుంది. నా సంగతి అడిగితే, మా కంపెనీ (పేరు అనవసరం) నాలుగు నెలల జీతం ఆపింది, పాస్‌పోర్టులు దగ్గర పెట్టుకుంది. ఆ నాలుగు నెలలూ బాగా గుర్తున్నది ఆకలి కాదు, రోజూ హాజరు పట్టీ నేనే నింపడం. రాని జీతానికి గంటలు లెక్కపెట్టి సంతకం చేయడం. ఇది ఎవరికైనా చెప్తే నవ్వుతారని చాలా ఏళ్ళు చెప్పలేదు.

పాత పేర్లు మార్చకు. వాళ్ళు నాసర్ స్క్వేర్ అంటే నువ్వు బనియాస్ స్క్వేర్ అని దిద్దావు, డిఫెన్స్ రౌండబౌట్ అంటే "బుర్జ్ ఖలీఫా సమీపంలో" అన్నావు. ఆ మనిషి చూసినప్పుడు బుర్జ్ ఖలీఫా లేదు, అది 2010లో తెరిచారు, ఆయన 2004లోనే వచ్చేశాడు. 1979 నాటి ముప్పై తొమ్మిది అంతస్తుల ట్రేడ్ సెంటర్ ఒక్కటే ఇసుకలో నిలబడి ఉండేదని చెప్పినవాడి మాట ఉన్నదున్నట్టు ఉంచు. కల్లివెల్లి, చుట్టి, బతాకా, కఫీల్ లాంటి గల్ఫ్ మాటలకు అర్థాలు రాయకు, మన జగిత్యాల, సిరిసిల్ల పాఠకులకు నీకన్నా బాగా తెలుసు, తెలియనివాళ్ళకు వాక్యంలోనే అర్థమవుతుంది. అన్నట్టు సోనాపూర్ అంటే బంగారు ఊరు, కానీ అక్కడున్నవి లేబర్ క్యాంపులు అనే ఎత్తిపొడుపు తీసెయ్, ప్రతివాడూ రాసేశాడు. కంపెనీ విడిచి కాగితాలు లేకుండా కల్లివెల్లి అయి, సర్కారు మాఫీ ఇచ్చిన ఆమ్నెస్టీలో వచ్చినవాళ్ళ పేర్లు, ఊర్ల పేర్లు కూడా తీసెయ్. కొందరు మళ్ళీ పోవాలనుకుంటున్నారు.

శుక్రవారాల గురించి నీ దగ్గర ఒక్క ముక్క లేదు, అది పెద్ద లోటు. ఇప్పుడైతే 2022 నుంచి సెలవు శని, ఆదివారాలకు మారింది గానీ మన వాళ్ళ జ్ఞాపకాల్లో వారం శుక్రవారం దగ్గరే ఆగుతుంది. బట్టలుతుక్కుని, చికెన్ వండుకుని, దేరా పోయి, ఊరివాళ్ళు నిలబడే మూల దగ్గర నిలబడి, సాయంత్రం అబ్రా పడవ ఎక్కి ఖోర్, అంటే ఊరి నడుమ సముద్రపు పాయ, దాటడం. పనేమీ లేదు అవతల, ఊరికే దాటి, అటునుంచి మళ్ళీ ఇటు రావడం.

ఇంకో మాట. నువ్వు తిరిగి వచ్చినవాళ్ళనే కలిశావు. దుబాయి కరామాలో ముప్పై ఏళ్ళుగా ఉంటున్న తెలుగు కుటుంబాలున్నాయి, పిల్లలు అక్కడే పుట్టి పెరిగినా వీసా మాత్రం రెండు మూడేళ్ళకోసారి కొత్తగా వేయించుకోవాల్సిందే. వాళ్ళు ఫ్రిజ్ కొనేటప్పుడు కూడా "ఎట్లా పోయేటోళ్ళమే కదా" అని చిన్నది కొంటారు. వీడియో కాల్‌లో ఇద్దరినైనా మాట్లాడించు.

చివరగా, ఆ మూడో మనిషి భార్య గురించి. నువ్వు పోయినప్పుడు ఆమె చాయ్ ఇచ్చి లోపలికి వెళ్ళిపోయిందని రాశావు. నేను పోయినప్పుడు కూడా అంతే, కానీ లేచి వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర ఆపి, బీరువాలో కేసెట్లు ఉన్నాయని చెప్పింది. ఉత్తరం రాయడం రాని రోజుల్లో ఆయన మాట్లాడి, ఊరికి వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపినవి. ఏడు ఉన్నాయట. "మాట కన్న ఏసీ సప్పుడే ఎక్కువ వినవడ్తది బిడ్డా" అంది, "ఆ సప్పుడు విని విని నేను గూడ దుబాయిలున్నట్టే అనిపిస్తుండె." ఆమెను పన్నెండో మనిషిగా రాసుకో.

నా దగ్గర పాత టేప్ రికార్డర్ ఉంది, బెల్టు సాగిపోయింది, కోరుట్లలో ఒకతను మారుస్తానన్నాడు. పండుగ దాటాక వచ్చి తీసుకుపో. వచ్చేముందు ఆమెకు ఫోన్ చేసి అడుగు, ఆయన లేనప్పుడు వినాలట.

మీ అన్న