ఫీజు కట్టాక చేతిలో ఏమీ మిగలకపోతే?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీటెక్ మొదటి సంవత్సరంలో చేరింది. దాచుకున్న 3 లక్షల్లో ఫీజుకు 1.60 లక్షలు, హాస్టల్‌కు 90 వేలు కట్టాం, మిగిలిన 50 వేలతో ల్యాప్‌టాప్ కొన్నాం. నా జీతం 42 వేలు, ఇంటి ఖర్చు 30 వేలు. జ్వరమొచ్చి డబ్బు అవసరమైతే అమ్మాయి మాకు చెప్పకుండా యాప్‌లో 8,000 రుణం తీసుకుంది. చేతికి 6,400 మాత్రమే వచ్చాయి, 14 రోజుల్లో మొత్తం కట్టాలట. వచ్చే ఏడాది ఫీజుకు చిట్టీ పాడుకుందామనుకుంటున్నాను. సరైనదేనా? - ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు ఆ యాప్ బాకీని ఈ నెల జీతంలోంచే తీర్చేసి, చెల్లించినట్టు రసీదు భద్రపరచండి. 6,400 మీద 1,600 అంటే 14 రోజులకే 25 శాతం. ఇలాంటి అప్పును విద్యార్థులు చేబదులులా భావించడం చాలా ప్రమాదకరం. దీన్ని తీర్చడానికి మరో యాప్‌లో తీసుకోనివ్వకండి. బెదిరింపు ఫోన్లు వస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయండి. అమ్మాయిని మాత్రం మందలించవద్దు, ఈసారి అవసరం వస్తే ముందుగా మీకే చెప్పే ధైర్యం ఆమెకు ఉండాలి.

అసలు పొరపాటు యాప్‌తో మొదలవలేదు. సీటు వచ్చిన సంతోషంలో చాలామంది తల్లిదండ్రులు చేసినట్టే మీరూ అత్యవసర నిధి మొత్తాన్ని ఫీజు కౌంటర్‌లో పెట్టేశారు. అప్పు చేయకుండా చదివిస్తున్నామన్న తృప్తి మంచిదే కానీ, తక్కువ వడ్డీకి దొరికే విద్యారుణాన్ని వద్దనుకుని, ఆసుపత్రి ఖర్చుకు ఎక్కువ వడ్డీ అప్పు వెతుక్కునే స్థితికి అదే దారితీసింది. మీ ఇంటి ఖర్చు ప్రకారం ఆరు నెలలకు 1.80 లక్షలు ఎప్పుడూ పక్కన ఉండాలి. నెలనెలా మిగిలే 12 వేలల్లో కనీసం 8 వేలు రికరింగ్ డిపాజిట్‌లో వేస్తూ వెళ్లినా, అక్కడికి చేరడానికి దాదాపు రెండేళ్లు పడుతుంది, కాబట్టి వచ్చే ఏడాది ఫీజుకు ఈ సొమ్ము ముట్టుకోవద్దు. దీంతోపాటు అమ్మాయి పేరిట ఫోన్‌పే, గూగుల్ పేలకు జోడించని ఖాతా ఒకటి తెరిచి, వీలైనంత త్వరగా అందులో 10 వేలు ఉంచండి.

మిగిలిన మూడేళ్లకు విద్యారుణానికి దరఖాస్తు చేయండి. సాధారణంగా 7.5 లక్షల వరకు ఆస్తి తాకట్టు ఉండదు, హాస్టల్ ఖర్చూ అందులో చేరుతుంది. కేంద్ర ప్రభుత్వ విద్యారుణ పథకం పీఎం విద్యాలక్ష్మి జాబితాలో మీ కళాశాల ఉంటే, 8 లక్షల లోపు ఆదాయం ఉన్న మీకు మారటోరియం (వాయిదాలు కట్టడం ఇంకా మొదలవని) కాలంలో 3 శాతం వడ్డీ రాయితీకి అర్హత ఉండవచ్చు. చిట్టీ తొందరగా పాడితే వదులుకునే సొమ్మూ వడ్డీయే, దాన్ని పక్కన పెట్టండి. సంపాదించేది మీరొక్కరే అయితే టర్మ్ పాలసీ (మీకేదైనా జరిగితే కుటుంబానికి సొమ్ము అందించే జీవిత బీమా) ఈ రుణం కంటే ముందే తీసుకోవాలి. కళాశాల కార్యాలయం నుంచి నాలుగేళ్ల ఫీజు వివరాల పత్రం ఈ నెలలోనే తీసుకోండి, బ్యాంకు మొదట అడిగే పత్రాల్లో అదొకటి.