తేదీలు రాసి పెట్టుకో, మాధవీ

మారేడుపల్లి, హైదరాబాదు

చిరంజీవి సౌభాగ్యవతి మాధవికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీకు పిడుదు కుట్టడం వల్ల వచ్చే లైమ్ వ్యాధి అని అమెరికాలో కనెక్టికట్‌లోని డాక్టరు తేల్చాడనీ, డాక్సీసైక్లిన్ మాత్రలు ఇంకా వారం వాడవలసి ఉండగానే ఆదివారం ఇక్కడికి బయలుదేరుతున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. 2017లో నేను మీ అన్నయ్య దగ్గర నాలుగు నెలలు ఉండి, ఇదే జబ్బును వెంటబెట్టుకుని వచ్చి, దాని పేరు తెలియక చాలాకాలం ఆస్పత్రుల చుట్టూ తిరిగినదాన్ని గనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

అక్కడ జూన్‌లో నా మోకాలి వెనుక అరచేయంత ఎర్రటి మచ్చ లేచింది. దురద లేదు, నొప్పి లేదు. తామర అనుకుని ఇంట్లో ఉన్న పూతమందు రాసి ఊరుకున్నాను. ఇల్లు చేరిన రెండు నెలలకు అదే మోకాలు కొబ్బరిబోండంలా వాచింది. ఇక్కడ డెంగీకీ చికున్‌గున్యాకూ పరీక్షలు చేశారు. వారిని తప్పు పట్టను, ఆ మచ్చ సంగతి నేను ఒక్కరికీ చెప్పలేదు. చివరికి ఒక డాక్టరు ఎక్కడ ఉండి వచ్చారు, చెట్లూ గడ్డీ ఉన్నచోట తిరిగారా, ఒంటిమీద ఏమైనా లేచిందా అని వరుసగా అడిగాక గాని చిక్కు విడలేదు. నాకు 28 రోజులు మందు వాడవలసి వచ్చింది. నీకు మచ్చ దశలోనే తెలిసింది కాబట్టి నువ్వు అదృష్టవంతురాలివి.

అందుకే ముందుగా ఒక నోటు పుస్తకం పెట్టుకో. తోటలో తిరిగిన రోజు, మచ్చ కనిపించిన రోజు, మందు మొదలుపెట్టిన రోజు, ఏ కీలు ఎప్పుడు నొచ్చింది, అన్నీ తేదీలతో రాయి. ఈ జబ్బు బయటపడడం వెనుక కూడా అటువంటి పుస్తకమే ఉంది: మీ కనెక్టికట్‌లోనే లైమ్ అనే ఊళ్లో ఉండే పాలీ మర్రీ అనే ఇల్లాలు తన ఇంటిల్లిపాది బాధలనూ ఏళ్ల తరబడి రాసిపెట్టుకుని, చుట్టుపక్కల పిల్లలకు కీళ్లు వాస్తున్నాయని 1975లో ఆరోగ్యశాఖకు తెలియజేస్తే గాని పరిశోధన మొదలు కాలేదు. ఈ జబ్బు తెచ్చే సూక్ష్మజీవిని పిడుదుల్లో విల్లీ బర్గ్‌డార్ఫర్ అనే శాస్త్రవేత్త గుర్తించిన సంగతి 1982లో ప్రచురితమైంది.

రక్తపరీక్షలకూ తేదీ తెలియాలి. ఆ పరీక్ష వెతికేది జబ్బును ఎదిరించడానికి ఒళ్లు తయారుచేసుకునే ప్రతిరక్షకాలను; తొలి వారాల్లో అవి తయారై ఉండవు గనుక జబ్బు ఉన్నా పరీక్ష లేదనవచ్చు. తయారైనవి నయమైన తరువాత కూడా ఏళ్లపాటు నిలిచి ఉంటాయి. కాబట్టి తగ్గిందో లేదో చూసుకుందామని ఇక్కడి ల్యాబులో మళ్లీ పరీక్ష చేయించుకుని బెంబేలెత్తకు. అయితే మూతి ఒక పక్కకు లాగినా, గుండె దడతో కళ్లు తిరిగినా ఆ గంటలోనే ఆస్పత్రికి వెళ్లాలి.

మాత్రను నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని వెంటనే పడుకోకుండా ఉండు, లేకుంటే గొంతు కింద మంట పుడుతుంది. పాలు, పెరుగు, కాల్షియం, ఐరన్ మాత్రలకూ దీనికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. పెరుగన్నం లేనిదే భోజనం ముగియని మన ఇంట్లో ఇది చిన్న కష్టమేమీ కాదని నాకు తెలుసు. ఈ మందు వాడుతున్నప్పుడు ఎండకు చర్మం త్వరగా కాలుతుంది, ఇక్కడ ఇంకా వానలు పడలేదు, గొడుగూ పొడుగు చేతుల జాకెట్టూ మరవకు.

మందు పూర్తయినా నీరసం కొన్ని వారాలు, కొందరికి ఆరు నెలలకు మించి కూడా ఉంటుంది. దానికి నెలల తరబడి యాంటీబయోటిక్ పొడిగిస్తే మేలు కలగదనీ, హాని కలగవచ్చుననీ పరీక్షించి చూసినవారే తేల్చారు. మరుసటి వేసవిలో ఒళ్లు తేలికగా ఉందని ఒకే పూటలో యాభై మామిడికాయలు తుడిచి, టెంకతో ముక్కలు కొట్టి ఆవకాయ కలిపాను. తరువాతి మూడు రోజులు జాడీ మూత తీసి కలియబెట్టే ఓపిక కూడా లేకపోయింది. బాగున్న రోజున సగం పనే చేయి.

ఇది అంటువ్యాధి కాదు, మన వీధి కుక్కలకు పట్టే పిడుదులు దీన్ని మోయవు. ఎదురింటివారికి భయం అక్కరలేదని చెప్పు. కానీ ఇక్కడ ఉండగా జ్వరం వస్తే అదంతా లైమేనని అనుకోకు. వానాకాలంలో పొదల్లోని సన్నపురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ మన దగ్గరా ఉంది. చంకలోనో నడుము దగ్గరో సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పక్కు కనిపిస్తే డాక్టరుకు చూపించాలి, దానికీ ఇదే మందు పనిచేస్తుంది. 1957లో శివమొగ్గ జిల్లాలో బయటపడిన కోతిజ్వరం పిడుదులతో వచ్చేదే అయినా, వైరస్ కనుక దానికి ఈ మందు పనిచేయదు.

ఒకసారి వచ్చినవారికి మళ్లీ రాదని లేదు. తిరిగి వెళ్లాక సాయంత్రం స్నానం చేసేటప్పుడు మోకాళ్ల వెనుక, నడుము చుట్టూ, జుట్టులో తడిమి చూసుకో, పిల్ల పిడుదు గసగస గింజంతే ఉంటుంది. కనిపిస్తే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగాలి. కిరసనాయిలు పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. సాధారణంగా అది ఒక రోజుకు పైగా అంటిపెట్టుకుని ఉంటేనే జబ్బు ఎక్కుతుంది.

మచ్చ మానిపోకముందే ఫోటో తీసి, డాక్టరు కాగితాలతో పాటు చేతిసంచిలో పెట్టుకో. పన్నెండు గంటలకు ఒకటి చొప్పున వేసుకునే మాత్ర గనుక, అక్కడి ఉదయం తొమ్మిది ఇక్కడ సాయంత్రం ఆరున్నర అవుతుందని గుర్తుంచుకుని విమానంలో వేళ తప్పకుండా వేసుకో.

ఇట్లు,
మీ పెద్దమ్మ